ఆరోగ్యశ్రీ పదే పదే ఎందుకు ఆగుతోంది? ఆసుపత్రుల సంఘాల బలం ఎక్కడుంది?

క్లుప్తంగా: ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆరోగ్యశ్రీ సేవలు ఆగిన ప్రతిసారీ వార్తల్లో వినిపించే మాట బకాయిలు. ఆ బకాయిలు ఏదో ఒక నెల జరిగిన పొరపాటు వల్ల పేరుకున్నవి కావు. పథకం పరిధి పెరిగినంతగా బడ్జెట్ పెరగలేదు. ఆ లోటును ప్రభుత్వాలు చెల్లింపుల ఆలస్యంతో పూడ్చుకుంటున్నాయి. ఆసుపత్రులు సంఘాలుగా ఏర్పడి, సేవలు ఆపి ఆ ఒత్తిడిని తిరిగి ప్రభుత్వం మీదికి మళ్లిస్తున్నాయి. చర్చలకు కూర్చునేది ఈ ఇద్దరే కాబట్టి కుదిరే ఒప్పందం కూడా పాత బాకీ గురించే ఉంటుంది. పథకం నడిచే తీరు మారదు.

2025 సెప్టెంబరులో తెలంగాణలో, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు, అంటే పథకంలో చేరిన ఆసుపత్రులు, ఆరోగ్యశ్రీ కేసులు తీసుకోవడం ఆపేశాయి. తమకు సుమారు రూ.1,400 కోట్లు రావాలని తెలంగాణ ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ హాస్పిటల్స్ అసోసియేషన్ ప్రకటించింది. దీన్ని అందరూ తన్హా అంటారు. ఏపీలో ఆశ పేరుతో పిలిచే ఆంధ్రప్రదేశ్ స్పెషాలిటీ హాస్పిటల్స్ అసోసియేషన్ చెప్పిన లెక్క సుమారు రూ.2,700 కోట్లు. తెలంగాణలో కొద్ది రోజుల్లోనే చర్చలు ఫలించాయి. ఏపీలో సమ్మె దాదాపు మూడు వారాలు సాగింది. రెండు చోట్లా ముగింపు మాత్రం ఒకేలా ఉంది: కొంత డబ్బు వెంటనే విడుదల, మిగతాదానికి హామీ.

ఇది మొదటిసారి కాదు. తెలంగాణలో 2019 ఆగస్టులో, 2025 జనవరిలో ఇలాగే జరిగింది. ఏపీలో 2024 మేలో ఎన్నికల పోలింగ్ ముగిసిన కొద్ది రోజులకే సేవలు ఆగాయి. 2025 ఏప్రిల్‌లోనూ ఆగాయి. ఈ మధ్య కాలంలో రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు మారాయి. పథకం పేరు ఏపీలో మారింది, ఇప్పుడది డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీగా నడుస్తోంది. జనం నోట్లో మాత్రం అంతా ఆరోగ్యశ్రీయే. పార్టీ మారినా సమస్య మారలేదంటే మూలం పథకం నిర్మాణంలోనే ఉందని అర్థం చేసుకోవాలి.

### పథకంతో పాటే పెరిగిన సంఘాలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. అంతకుముందు పెద్ద జబ్బు చేసిన పేదలు ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టుకుని, ఎమ్మెల్యే సిఫారసు లేఖ కోసం తిరిగేవారు. కొత్త పథకం ఆ తిరుగుడు తప్పించింది. కుటుంబానికి ఏడాదికి రూ.2 లక్షల వరకు నగదు లేని చికిత్స. మొదట బీమా కంపెనీ ద్వారా నడిపారు. 2008 జూలైలో మరిన్ని చికిత్సలను చేర్చినప్పుడు వాటి ఖర్చును పథకం నడపడానికి ప్రభుత్వం ఏర్పాటు చేసిన ట్రస్టే నేరుగా భరించే పద్ధతి వచ్చింది.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో గుండె, మెదడు, క్యాన్సర్ శస్త్రచికిత్సలకు తగిన సౌకర్యాలు అప్పట్లో చాలా జిల్లాల్లో లేవు. అందుకని ప్రైవేటు ఆసుపత్రులను నెట్‌వర్క్‌లోకి తీసుకున్నారు. కనీసం 50 పడకలుండాలనే నిబంధన పెట్టారు. దాంతో వరంగల్, కరీంనగర్, కర్నూలు, గుంటూరు, నెల్లూరు లాంటి చోట్ల ఆరోగ్యశ్రీ కేసుల మీదే ప్రధానంగా ఆధారపడే మధ్యస్థాయి ఆసుపత్రులు పెరిగాయి. కొనేవాడు ఒక్కడే, అదీ ప్రభుత్వం. అమ్మేవాళ్లు వందల మంది. విడివిడిగా వెళ్తే ట్రస్టు కార్యాలయంలో పలికే నాథుడుండడు. సంఘం అవసరం అక్కడి నుంచే వచ్చింది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. చట్టం దృష్టిలో ఒప్పందం ట్రస్టుకూ ఒక్కో ఆసుపత్రికీ మధ్య విడివిడిగా ఉంటుంది. ఆ కాగితాల్లో సంఘం ఎక్కడా పక్షం కాదు. అయినా సంక్షోభం వచ్చినప్పుడు ఆరోగ్య మంత్రి పిలిచి మాట్లాడేది సంఘం నాయకులనే. కాగితం మీద లేని ఈ స్థానం దానికి దక్కింది సేవలు ఆపగల శక్తి వల్లే.

### ఒక క్లెయిమ్ ఎంత దూరం నడుస్తుంది

చికిత్స ఖర్చు కోసం ఆసుపత్రి ట్రస్టుకు పెట్టే బిల్లే క్లెయిమ్. అది బకాయిగా ఎలా మారుతుందో తెలియాలంటే ఒక గుండె కేసును చివరిదాకా అనుసరించాలి. ఛాతీ నొప్పితో వచ్చిన వ్యక్తిని కుటుంబ సభ్యులు ఆసుపత్రి ముందుభాగంలో పథకం రోగులకు సాయం చేసే ఆరోగ్యమిత్ర కౌంటర్‌కు తీసుకెళ్తారు. అక్కడ కార్డు చూసి, వివరాలు నమోదు చేస్తారు. యాంజియోగ్రామ్‌లో పూడిక తేలితే ఆ రిపోర్టులతో ప్రీఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) కోసం ట్రస్టుకు పంపుతారు. ట్రస్టు డాక్టర్లు చూసి ఆమోదించాక స్టెంట్ వేస్తారు. అత్యవసరమైతే ముందు చికిత్స మొదలుపెట్టి తర్వాత అనుమతి తెచ్చుకుంటారు.

రోగి ఇంటికి వెళ్లాక అసలు పని మొదలవుతుంది. డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ నోట్స్, ముందూ తర్వాతా తీసిన చిత్రాలు, వాడిన స్టెంట్ వివరాలు అన్నీ అప్‌లోడ్ చేయాలి. ట్రస్టు పరిశీలకులకు ఏదైనా అనుమానం వస్తే క్లెయిమ్ పెండింగ్‌లో పడుతుంది. ఆసుపత్రి జవాబిస్తే మళ్లీ పరిశీలన. కొంత కోత పెట్టి ఆమోదించవచ్చు, తిరస్కరించనూ వచ్చు. ఆమోదం పొందిన బిల్లు ఆర్థిక శాఖకు వెళ్తుంది. అక్కడ జీతాలు, పింఛన్లు, అప్పుల మీద వడ్డీలు, రైతుల పథకాలు, కాంట్రాక్టర్ల బిల్లులు అన్నీ ముందే క్యూలో ఉంటాయి. ఆసుపత్రి బిల్లు ఆగిపోయేది చాలావరకు ఈ చివరి మెట్టు దగ్గరే.

అప్పటికే ఆసుపత్రి స్టెంట్ సరఫరాదారుకు, మందుల డిస్ట్రిబ్యూటర్‌కు బాకీ పడి ఉంటుంది. నర్సులకు, టెక్నీషియన్లకు జీతాలు నెల నెలా ఇవ్వాల్సిందే. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి దీన్ని తట్టుకుంటుంది. జిల్లా కేంద్రంలోని 60 పడకల ఆసుపత్రి బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ మీద, సరఫరాదారుల అప్పు మీద నెట్టుకొస్తుంది. ఆరు నెలలు దాటితే ఆ వడ్డీ ప్యాకేజీలో, అంటే ఒక్కో చికిత్సకు పథకం ఇచ్చే నిర్ణీత మొత్తంలో, మిగిలే కాస్త లాభాన్నీ తినేస్తుంది.

### సంఘం అంకె, సర్కారు అంకె ఎందుకు కలవవు

సమ్మె ప్రతిసారీ పాఠకుడిని గందరగోళపరిచేది ఇదే. సంఘం వేల కోట్లంటుంది. అధికారులు అంత లేదంటారు, ఈ మధ్యే వందల కోట్లు ఇచ్చామంటారు. ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నట్టు కనిపిస్తుంది. ఇద్దరూ తమ తమ లెక్క ప్రకారం నిజమే చెబుతుండవచ్చు.

సంఘం లెక్కలో అప్‌లోడ్ చేసిన ప్రతి క్లెయిమూ ఉంటుంది: పరిశీలనలో ఉన్నవి, ప్రశ్నలతో ఆగినవి, ఆమోదం పొందినవి, ట్రెజరీ దగ్గర ఉన్నవి. ఉద్యోగుల ఆరోగ్య పథకం కింద రావాల్సినది కూడా చాలాసార్లు కలుపుతారు. ప్రభుత్వం ఆమోదం పూర్తయిన బిల్లులనే బాకీగా ఒప్పుకుంటుంది. పైగా విడుదల చేశామని చెప్పే మొత్తంలో ప్రభుత్వ ఆసుపత్రులకు ఇచ్చింది కూడా ఉండవచ్చు, ఎందుకంటే అవి కూడా నెట్‌వర్క్‌లో భాగమే. ఏ దశలో ఎన్ని కోట్లు ఉన్నాయో, ఎన్ని రోజులుగా ఉన్నాయో ప్రతి నెలా బహిరంగంగా పెడితే ఈ వాదన సగం తగ్గుతుంది. అలా పెట్టకపోవడం వల్ల లాభం ఇద్దరికీ ఉంది. ప్రభుత్వం లోటును దాచుకోగలదు. సంఘం పెద్ద అంకెతో శీర్షిక సంపాదించగలదు. నష్టపోయేది సమాచారం లేని జనం.

### పరిధి పెరిగింది, పర్సు పెరగలేదు

2023 డిసెంబరు 9న తెలంగాణలో కొత్త ప్రభుత్వం కుటుంబానికి ఏడాదికి ఇచ్చే చికిత్స పరిమితిని రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షలకు పెంచింది. అదే నెలలో ఏపీలో అప్పటి ప్రభుత్వం రూ.25 లక్షలు చేసింది. ఈ అంకెలు ఎన్నికల సభల్లో బాగా పలుకుతాయి. ఖజానా మీద వాటి భారం మాత్రం అనుకున్నంత ఉండదు, ఎందుకంటే ఒక ఏడాదిలో అంత ఖర్చు దాటే కుటుంబాలు తక్కువ.

అసలు భారం పెంచేవి వేరే రెండు నిర్ణయాలు. ఒకటి, ఎవరు అర్హులు అన్నది. ఏపీలో 2020 నాటికి ఏడాదికి రూ.5 లక్షల ఆదాయం ఉన్న కుటుంబాల వరకు అర్హత పెరిగింది. దాంతో మధ్యతరగతిలో పెద్ద భాగం లోపలికి వచ్చింది. రెండోది, ఎన్ని చికిత్సలు అన్నది. పథకం తొలినాళ్లలో వెయ్యి లోపు ఉన్న చికిత్సల సంఖ్య ఏపీలో ఇప్పుడు 3,257. తెలంగాణ కూడా 2024 జూలైలో 163 కొత్త చికిత్సలు చేర్చి, 1,300కు పైగా ప్యాకేజీల రేట్లు సవరించింది. ఈ నిర్ణయాల్లో చాలావాటి వల్ల ప్రజలకు నిజమైన మేలు జరిగింది. కానీ ప్రతి విస్తరణకూ నెలవారీ బిల్లు ఎంత పెరుగుతుందో లెక్కగట్టి, ఆ మేరకు నిధి కేటాయించినప్పుడే అది విస్తరణ అవుతుంది. లేకపోతే ఆసుపత్రుల నుంచి వడ్డీ లేకుండా తీసుకున్న అప్పు అవుతుంది.

### సమ్మె మెట్లు, ప్రభుత్వం ఎత్తులు

సంఘం ఒక్కసారిగా తలుపులు మూయదు. మొదట లేఖ, తర్వాత గడువు. ఆపై ఉచిత ఓపీ, పరీక్షలు ఆపడం. తర్వాత వాయిదా వేయగలిగిన శస్త్రచికిత్సలు. చివరి మెట్టు అత్యవసర సేవలు. ఈ క్రమానికి కారణం ఉంది. ప్రాణాపాయంలో ఉన్నవాడిని వెనక్కి పంపితే జనాభిప్రాయం ఒక్క రోజులో తిరగబడుతుంది. అందుకే సాధారణంగా డయాలసిస్, ఎమర్జెన్సీలను చివరిదాకా ముట్టుకోకుండా, ఒత్తిడి మాత్రం రోజురోజుకూ పెరిగేలా చూస్తారు.

ప్రభుత్వం వైపు నుంచి వచ్చే జవాబులూ అంతే తెలిసినవి. ఒప్పందం రద్దు చేస్తామని నోటీసులు. చాలా ఆసుపత్రులు సేవలు కొనసాగిస్తున్నాయనే ప్రకటన. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అదనపు ఏర్పాట్లు. రెండు మూడు రోజుల్లో కొంత విడుదల. 2024 మేలో ఏపీలో సంఘం సుమారు రూ.1,500 కోట్లు అడిగితే, ట్రస్టు రూ.203 కోట్లు విడుదల చేసినట్టు ప్రకటించింది. అడిగిన దానిలో ఏడో వంతు కూడా కాదు. ఇంత తక్కువకు సేవలు మళ్లీ మొదలవుతాయని తెలిశాక, ఏ ఆర్థిక శాఖైనా మిగతా మొత్తాన్ని తర్వాతి సమ్మె దాకా వాయిదా వేస్తుంది. ఆసుపత్రులు కూడా అదే పాఠం నేర్చుకున్నాయి: గట్టిగా ఆపితేనే డబ్బు కదులుతుంది. ఈ రెండు పాఠాలూ కలిసి సమ్మెను చెల్లింపుల పద్ధతిలో ఒక భాగం చేసేశాయి.

సంఘం లోపల కూడా అందరి ప్రయోజనం ఒకటి కాదు. నగదు రోగులు, ప్రైవేటు బీమా ఉన్న కార్పొరేట్ ఆసుపత్రికి ఆరోగ్యశ్రీ ఆదాయంలో ఒక భాగం మాత్రమే. రేటు నచ్చకపోతే ఆ కేసులు తగ్గించుకుంటుంది, కొన్ని విభాగాలను పథకం నుంచి తప్పించుకుంటుంది. చిన్న ఆసుపత్రికి ఆ దారి లేదు. ఆరోగ్యశ్రీ ఆపితే పడకలు ఖాళీ, నడిపితే అప్పు. సమ్మె ఎక్కువ రోజులు సాగితే మొదట జారిపోయేది వీళ్లే. ప్రభుత్వానికి అది తెలుసు. కొందరికి ముందుగా చెల్లిస్తే ఐక్యత సడలుతుంది. బకాయిలన్నీ వరుస క్రమంలో చెల్లించాలని సంఘాలు పట్టుబట్టడానికి కారణం ఇదే.

### అమెరికాలో ఎందుకు ఇలా జరగదు

అమెరికన్ హాస్పిటల్ అసోసియేషన్ 1898లో మొదలైంది. సుమారు 5 వేల ఆసుపత్రులు అందులో ఉన్నాయి. ఆ దేశ ఆరోగ్య రాజకీయాల్లో అది అత్యంత బలమైన సంఘాల్లో ఒకటి. అయినా వృద్ధుల బీమా పథకమైన మెడికేర్ కేసులను బకాయిల కోసం మూకుమ్మడిగా ఆపడం దాని పద్ధతి కాదు. కారణం నీతి కాదు, చెల్లింపుల నిబంధన. లోపాల్లేని మెడికేర్ క్లెయిమ్‌ను 30 రోజుల్లో చెల్లించాలి. గడువు దాటితే ప్రభుత్వం వడ్డీ కట్టాలి. ఆలస్యం వల్ల ప్రభుత్వానికి లాభం లేదు కాబట్టి ఆలస్యం ఆయుధం కాలేదు.

అక్కడ పోరు రేటు మీద, నిబంధనల మీద. 1983లో మెడికేర్ జబ్బును బట్టి ముందే నిర్ణయించిన ప్యాకేజీ రేటు ఇచ్చే పద్ధతి తెచ్చింది. అప్పటి నుంచి ప్రతి ఏటా ఆ రేటు ఎంత పెరగాలన్నదే సంఘానికి ప్రధాన పని. 2009లో ఒబామా ఆరోగ్య చట్టం తయారవుతున్నప్పుడు ఈ సంఘం, మరో రెండు ఆసుపత్రి సంఘాలు కలిసి పదేళ్లలో 15,500 కోట్ల డాలర్ల మేర తక్కువ చెల్లింపులకు ఒప్పుకున్నాయి. బదులుగా బీమా లేని కోట్ల మందికి బీమా వస్తే, డబ్బు కట్టలేని రోగుల భారం తమకు తగ్గుతుందని లెక్కవేసుకున్నాయి. కోర్టు దారి కూడా ఉంది. ధరలు బయటపెట్టాలన్న నిబంధన మీద వేసిన కేసు 2020లో ఓడిపోయింది. మందుల చెల్లింపుల కోత మీద వేసిన కేసులో 2022లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా సంఘం వైపు తీర్పిచ్చింది.

ఇదేమీ ఆదర్శ నమూనా కాదు. అమెరికాలో ఆసుపత్రి ధరలు ఎంత భయంకరంగా ఉన్నాయో అక్కడున్న తెలుగు కుటుంబాలకు చెప్పనక్కర్లేదు. ఆ ధరలను తగ్గించే ప్రయత్నాలను ఈ సంఘం చాలాసార్లు విజయవంతంగా అడ్డుకుంది. సకాలంలో చెల్లింపు జరిగినంత మాత్రాన సంఘం బలం ప్రజలకు అనుకూలం కాదు. ఆ బలం వీధిలోంచి చట్టసభ లాబీలోకి మారుతుంది, అంతే.

### రాజస్థాన్‌లో జరిగింది

సంఘాల బలం బకాయిలకే పరిమితం కాదని చూపే ఉదాహరణ మన దేశంలోనే ఉంది. 2023 మార్చి 21న రాజస్థాన్ అసెంబ్లీ ఆరోగ్య హక్కు బిల్లును ఆమోదించింది. అత్యవసర పరిస్థితిలో ముందుగా డబ్బు కట్టించుకోకుండా చికిత్స చేయాలన్నది అందులో ముఖ్యాంశం. దానికి డబ్బు ఎవరు, ఎప్పుడు, ఎంత ఇస్తారన్నది స్పష్టంగా లేదని ప్రైవేటు డాక్టర్లు, ఆసుపత్రులు వీధికెక్కారు. రెండు వారాలు దాటాక, ఏప్రిల్ 4న ఒప్పందం కుదిరింది. 50 పడకల లోపు ఆసుపత్రులను, ప్రభుత్వం నుంచి రాయితీ భూమి వంటి సౌకర్యాలు పొందని ఆసుపత్రులను చట్టం పరిధి నుంచి తప్పిస్తామని ప్రభుత్వం ఒప్పుకుంది. అదే ఏడాది చివర ఎన్నికలున్నాయి.

డాక్టర్ల అనుమానంలో న్యాయం లేకపోలేదు. పలు రాష్ట్రాల్లో బకాయిల చరిత్ర చూసినవారు ప్రభుత్వ హామీని నమ్మరు. చెల్లింపుల్లో ప్రభుత్వం పోగొట్టుకున్న నమ్మకం ఆ తర్వాత నియంత్రణ చట్టాలు తెచ్చే శక్తిని కూడా దెబ్బతీస్తుంది. ఆరోగ్యశ్రీ విషయంలోనూ ఇదే జరుగుతోంది. అనవసర శస్త్రచికిత్సలు, రోగి దగ్గర అదనపు వసూళ్లు, పథకం కింద పడకలు లేవని తిప్పి పంపడం వంటి ఫిర్యాదుల మీద గట్టిగా ఆడిట్ చేయాల్సిన ట్రస్టు, తానే బాకీదారుగా ఉన్నప్పుడు గొంతు పెంచలేదు.

### చర్చల బల్ల దగ్గర లేనివారు

సమ్మె రోజుల్లో కీమోథెరపీ మధ్యలో ఉన్న రోగికి తర్వాతి విడత ఎక్కడన్నది పెద్ద టెన్షన్. పేరున్న ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లమంటారు. అక్కడ అప్పటికే వార్డులు నిండి ఉంటాయి, పాత రిపోర్టులతో మళ్లీ మొదటి నుంచి నమోదు చేయించుకోవాలి. తుంటి ఎముక విరిగిన వృద్ధురాలి శస్త్రచికిత్స వాయిదా వేయదగ్గదని ఒక జాబితాలో రాయడం తేలిక, మంచం మీద గడిచే ప్రతి రోజూ ఆమెకు ప్రమాదమే. చివరికి అప్పు చేసి నగదు కట్టే కుటుంబాల ఖర్చు ప్రభుత్వ లెక్కలోనూ, సంఘం లెక్కలోనూ కనిపించదు.

రోగులకు సంఘం లేదు. ఉండటం కష్టం కూడా, ఎందుకంటే జబ్బు ఉన్నంతకాలమే వారికి ఈ విషయంతో పని. వారి తరఫున మాట్లాడాల్సిన శాసనసభలో బకాయిల మీద చర్చ సాధారణంగా మీ హయాంలో ఎంత, మా హయాంలో ఎంత అన్న దగ్గరే ఆగిపోతుంది.

### బీమా కంపెనీ మధ్యలోకి వస్తే

2025 సెప్టెంబరులో ఏపీ మంత్రివర్గం కొత్త విధానానికి ఆమోదం తెలిపింది. రూ.2.5 లక్షల వరకు చికిత్సను బీమా కంపెనీ ద్వారా, ఆపై రూ.25 లక్షల వరకు ట్రస్టు ద్వారా నడపాలన్నది ఆలోచన. ప్రీఆథరైజేషన్‌కు 6 గంటలు, క్లెయిమ్ చెల్లింపుకు 15 రోజులు గడువుగా చెప్పారు. ఒక రకంగా ఇది 2007 నాటి బీమా పద్ధతికి తిరిగి వెళ్లడం.

దీనివల్ల బాకీదారు మారతాడు. ప్రభుత్వం ప్రీమియం సకాలంలో కడితే, కంపెనీ మీద గడువు నిబంధన గట్టిగా అమలైతే, ఆసుపత్రులకు డబ్బు త్వరగా అందే అవకాశం ఉంది. ప్రభుత్వం ప్రీమియమే ఆలస్యం చేస్తే కంపెనీ క్లెయిమ్‌లు ఆపుతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది. కంపెనీకి లాభం కావాలి కాబట్టి తిరస్కరణలు, కోతలు పెరగవచ్చు. అప్పుడు సంఘాల పోరు బకాయిల నుంచి కోతల మీదికి, రేట్ల మీదికి మళ్లుతుంది. ప్రైవేటు బీమాలో ఇది ఇప్పటికే జరుగుతోంది. 2025 ఆగస్టులో అసోసియేషన్ ఆఫ్ హెల్త్‌కేర్ ప్రొవైడర్స్ ఉత్తర భారతంలోని తన సభ్య ఆసుపత్రులకు, సెప్టెంబరు 1 నుంచి బజాజ్ అలియాంజ్ బీమా కంపెనీ పాలసీదారులకు క్యాష్‌లెస్ ఆపమని సూచించింది. గొడవ ప్రధానంగా ఏళ్ల తరబడి సవరించని రేట్ల మీద. గడువుకు ముందే చర్చలతో అది సద్దుమణిగింది.

కాబట్టి కొత్త విధానంలో చూడాల్సింది పరిమితి రూ.25 లక్షలా, ఇంకా ఎక్కువా అన్నది కాదు. 15 రోజులు దాటితే వడ్డీ ఎవరు కడతారన్న షరతు ఒప్పందంలో ఉందా? ప్యాకేజీ రేట్లను ఎన్నేళ్లకోసారి, ఏ లెక్క ప్రకారం సవరిస్తారో రాశారా? సేవలు ఆపే ముందు ఆసుపత్రి ఎన్ని రోజుల నోటీసివ్వాలి, చికిత్స మధ్యలో ఉన్న రోగిని పూర్తయ్యేదాకా చూడాల్సిన బాధ్యత దానిపై ఉందా? ఈ షరతులు కాగితం మీదికి వస్తే సంఘం చేతిలోని సమ్మె ఆయుధానికీ, ప్రభుత్వం చేతిలోని ఆలస్యానికీ ఒకేసారి పదును తగ్గుతుంది. రాకపోతే, ప్రీమియం మొదటి వాయిదా తప్పిన నెల నుంచే పాత లేఖలు, పాత గడువులు మళ్లీ మొదలవుతాయి.